తల గాయం మానింది... మరి చదువు?

నాన్న బైక్ వెనక కూర్చున్న బాబు కిందపడ్డాడు. తలకు దెబ్బ తగిలి కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉన్నాడు. కుట్లు మానాయి, జుట్టూ మళ్లీ వచ్చింది. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. నెల తిరక్కుండానే స్కూలు నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. పాఠం వినడం లేదు, నోట్సు సగమే రాస్తున్నాడు, ఊరికే కోప్పడుతున్నాడు. ‘దెబ్బ తగిలిందని గారం చేస్తే బద్ధకం నేర్చాడు’ అని ఇంట్లోనూ తిట్లే.

ఇలాంటి పిల్లల్లో చాలాసార్లు బద్ధకంలా కనిపించేది మెదడు గాయం తాలూకు ప్రభావమే.

పైకి కనిపించదు

చర్మం, ఎముక వారాల్లో అతుక్కుంటాయి. మెదడు కోలుకోవటానికి నెలలు, తీవ్రమైన గాయాల్లో ఏళ్లూ పట్టొచ్చు. ఏకాగ్రత, ఓర్పు, కోపాన్ని అదుపు చేసుకోవటం వంటివి చూసుకునే మెదడు ముందుభాగం తల దెబ్బల్లో తరచూ దెబ్బతింటుంది. పాత జ్ఞాపకాలు చాలావరకూ పదిలంగానే ఉంటాయి. అందుకే ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్లాడికి పొద్దున చెప్పిన పాఠం సాయంత్రానికి గుర్తుండదు. పెద్దలు పొరబడేది ఇక్కడే. సీటీ స్కాన్ బాగున్నా ఈ ఇబ్బందులు ఉండొచ్చు. చిన్న వయసులో దెబ్బ తగిలితే కొన్ని లోపాలు పై తరగతుల్లో చదువు భారం పెరిగాకే బయటపడతాయి.

బడికి ఎప్పుడు?

దెబ్బ స్వల్పమైతే ఒకట్రెండు రోజుల విశ్రాంతి తర్వాత డాక్టరు సలహాతో మెల్లగా మొదలుపెట్టొచ్చు. ముందు ఒక పూట, ఆనక రోజంతా. తలనొప్పి, నీరసం ఎక్కువైతే సమయం తగ్గించాలి. గాయం తీవ్రమైతే ఎప్పుడు, ఎలా పంపాలో వైద్యులే నిర్ణయించాలి. ఆటలు మాత్రం అన్నింటికన్నా చివర. మెదడు కోలుకోకముందే మరో దెబ్బ తగిలితే ప్రమాదం.

టీచర్లను ఇవి అడగండి

* డిశ్చార్జ్ సమ్మరీ ప్రతి ఒకటి స్కూల్లో ఇవ్వండి. పీఈటీ సహా టీచర్లందరికీ విషయం తెలియాలి.
* ముందు బెంచీలో, కిటికీకి దూరంగా కూర్చోబెట్టమనండి.
* పది లెక్కలకు బదులు నాలుగే ఇవ్వమనండి. బోర్డు మీదివి ఎక్కించుకోలేకపోతే నోట్సు జిరాక్స్ అడగండి.
* గంటల మధ్య కాసేపు నిశ్శబ్దంగా కూర్చునే చోటు చూపించమనండి.
* ఒకేరోజు రెండు పరీక్షలు వద్దు. రాయటానికి అదనపు సమయం కావాలి.

ఇబ్బందులు శాశ్వతంగా మిగిలితే సదరం లేదా యూడీఐడీ ధ్రువీకరణ పొందొచ్చు. అర్హతను బట్టి పబ్లిక్ పరీక్షల్లో అదనపు సమయం, పరీక్ష రాసిపెట్టే సహాయకుడి కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. విద్యా సంవత్సరం మొదట్లోనే స్కూల్లో అడగటం మంచిది.

ఇంట్లో ఇలా

‘స్నానం చేసి, యూనిఫాం వేసుకుని, బ్యాగు సర్దుకో’ అని ఒక్క గుక్కలో చెబితే మొదటిదే గుర్తుంటుంది. ఒకటి అయ్యాక మరొకటి చెప్పండి. రోజూ చేయాల్సిన పనులు కాగితం మీద రాసి గోడకు అంటించండి. బడి నుంచి రాగానే ట్యూషన్‌కు తరమొద్దు, ముందు విశ్రాంతి కావాలి. నిద్ర వేళ మారకూడదు. కోపంతో ఊగిపోతున్నప్పుడు వాదించకుండా నెమ్మదైన చోటుకు తీసుకెళ్లి, చల్లబడ్డాక మాట్లాడండి. తోబుట్టువులకూ విషయం వివరించండి. ‘ఇదివరకు ఫస్టు వచ్చేవాడివి’ అన్న మాట మాత్రం వద్దు. ఆ తేడా మీకంటే ముందే వాడికి తెలుసు.

తలనొప్పి, నిద్ర, మరపు వివరాలు చిన్న పుస్తకంలో రాసుకుని డాక్టరుకు చూపించండి. జ్ఞాపకశక్తి, ఏకాగ్రతలను న్యూరోసైకాలజిస్టు పరీక్షిస్తే టీచర్లకు ఏం చెప్పాలో స్పష్టత వస్తుంది. మాట, చేతిరాతల్లో ఇబ్బందులుంటే స్పీచ్, ఆక్యుపేషనల్ థెరపీలు ఉపయోగపడతాయి.

వెంటనే ఆసుపత్రికి

దెబ్బ తగిలాక పదేపదే వాంతులు, పెరిగే తలనొప్పి, లేపినా లేవని మగత, ఫిట్స్, కాలూచేయీ బలహీనపడటం, ముక్కు లేదా చెవి నుంచి నీరులాంటి ద్రవం, రక్తం కారటం... వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయొద్దు.

బైక్ మీద తీసుకెళ్లేటప్పుడు నాలుగేళ్లు దాటిన పిల్లలకూ హెల్మెట్ తప్పనిసరని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. వీధి చివరి స్కూలుకే అయినా పెట్టండి.