మైకులో పాట... జైలుకెళ్లిన గొంతు!

ఆగస్టు 15 తెల్లవారితే చాలు! విజయనగరం మూడు లాంతర్ల దగ్గరైనా, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనైనా మైకుసెట్టు గొంతు సవరించుకోవలసిందే.

పుట్టినరోజు జరుపుకోవడంలో ఒక్కో దేశానిది ఒక్కో తీరు. అమెరికావాళ్లు జూలై 4 రాత్రి బాణాసంచా కాలుస్తారు. ఇండోనేషియాలో ఆగస్టు 17న జిడ్డు పూసిన పోకమాను ఎక్కి, పైన వేలాడే బహుమతులు లాక్కుంటారు. మన ఉట్టికి దూరపు చుట్టమన్నమాట! మనకేమో ఎర్రకోట మీద జెండా. (అన్నట్టు, నెహ్రూ అక్కడ మొదటిసారి జెండా ఎగరేసింది 1947 ఆగస్టు 16న, 15న కాదు. పందెం కాసి చూడండి, మీ స్నేహితుల్లో సగంమంది ఓడిపోతారు.) మరి తెలుగువాళ్లకో? పాట లేనిదే పండగ లేదు. అందులోనూ సినిమా పాట!

నన్నడిగితే ఆ రోజు తప్పక వినవలసింది 'వెలుగునీడలు'లోని 'పాడవోయి భారతీయుడా'. 1961లో వచ్చిన అన్నపూర్ణావారి చిత్రం. రచన శ్రీశ్రీ, సంగీతం పెండ్యాల. పాడిన ఇద్దరూ, ఘంటసాల, సుశీల, విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నవాళ్లే! సుశీల పుట్టిందే ఆ ఊళ్లో. స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఆమెకి పదకొండేళ్లు. ఘంటసాలేమో అక్కడ మధూకరం ఎత్తుకుని సంగీతం నేర్చిన మనిషి. 1942 ఉద్యమంలో జైలుకూ వెళ్లారు. అంటే ఆ పాటలో మనం వినేది జైలు కూడు తిన్న గొంతు!

ఇంతకీ ఆ పాట జెండా ఎగరేశాం, ఇక ఇంటికి పోదాం అంటే ఒప్పుకోదు. స్వతంత్రం వచ్చిన పద్నాలుగో ఏటనే ధరల్నీ, నిరుద్యోగాన్నీ, అవినీతినీ నిలదీసింది. పండగ పూట ఇదేం పాటండీ అని మొహం చిట్లించేవాళ్లూ ఉంటారు. నాకైతే పండగ పూటే వినాలనిపిస్తుంది.

మైకులో అంతగా వినపడని పేరొకటుంది. శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట ప్రాంతపు గరిమెళ్ల సత్యనారాయణ. 'మాకొద్దీ తెల్లదొరతనము' పాట రాసి, ఊరూరా పాడినందుకు 1922లో ఆయన్ని జైల్లో పెట్టారు. పాట రాస్తే జైలేమిటి అంటారా? జనం నోట పడ్డ పాటంటే దొరలకు అంత భయం మరి! అదే గరిమెళ్ల 1952లో మద్రాసులో కటిక దరిద్రంతో కన్నుమూశారు. తెల్లదొరలు పోయిన అయిదేళ్లకి!

ఈసారి మీ వీధి మైకుసెట్టాయన్ని పట్టుకుని, ఘంటసాల కంటే ముందు గరిమెళ్ల పాట పెట్టించండి. రికార్డు దొరకలేదంటాడా? మీ కాలేజీలో పాడేవాళ్లే లేరేమిటి!