తెర మీద వైద్యుడు, ఇంట్లో మన బాధ్యత

జ్వరంతో మూలుగుతున్న తల్లిని ఆటోలో మండల కేంద్రానికి తీసుకెళ్లి, చీటీ కోసం గంటల తరబడి నిరీక్షించి, రెండు మాటలు విని తిరిగిరావడం మన కుటుంబాలకు కొత్త కాదు. ఈ ప్రయాసను కొంత తగ్గించిన సాధనం వీడియో వైద్య సలహా.

2020 మార్చి 25న మన దేశంలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువడ్డాయి. మరుసటి నెలలోనే ప్రభుత్వం ‘ఈ-సంజీవని ఓపీడీ’ని ప్రారంభించింది. ఇంటి నుంచే ఉచితంగా వైద్యునితో మాట్లాడే వీలు దీనివల్ల కలిగింది. పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాల సిబ్బంది సైతం రోగిని తమ వద్ద కూర్చోబెట్టుకుని దూరాన ఉన్న వైద్యుని సలహా తీసుకోగలుగుతున్నారు.

మార్గదర్శకాల ప్రకారం నమోదైన వైద్యుడే సలహా ఇవ్వాలి. మందుల చీటీపై ఆయన నమోదు సంఖ్య ఉండాలి. పిల్లల విషయంలో పెద్దలొకరు పక్కన ఉండాలి. మత్తు పదార్థాల చట్టం పరిధిలోని మందులను సాధారణంగా ఈ విధానంలో రాయరాదు. స్వయంగా వచ్చి చూపించుకోమని చెప్పే అధికారం వైద్యునికి ఎప్పుడూ ఉంటుంది. అలా చెప్పిన వైద్యుని మీద అలగకండి. ఆయన మీ మేలు కోరుతున్నాడని గ్రహించండి.

ఎందుకంటే తెర పొట్ట నొక్కి చూడలేదు, ఊపిరితిత్తుల చప్పుడు వినలేదు. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మూర్ఛ, గర్భిణికి రక్తస్రావం, పాలు తాగలేనంతగా బిడ్డ నీరసించడం వంటివి కనిపిస్తే ఫోను తెరిచి కూర్చోరాదు. వెంటనే 108ని పిలవాలి. పాత మందుల కొనసాగింపు, చక్కెర వ్యాధి పరీక్షల ఫలితాలు చూపడం, చిన్నపాటి జలుబు, చర్మ సమస్యల వంటి వాటికే వీడియో తగినది.

మాట్లాడే ముందు పాత చీటీలు, వాడుతున్న మందులు, పడని మందుల పేర్లు, జ్వరం కొలత సిద్ధంగా ఉంచుకోండి. వెలుతురు ముఖంపై పడేలా కూర్చోండి.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం మరొకటుంది. ఫోను ఇంట్లో ఒక్కటే, అది భర్త చేతిలోనో కుమారుని చేతిలోనో ఉంటుంది. కోడలు తన బాధ చెప్పుకోబోతే చుట్టూ నలుగురు చేరతారు. అత్తగారి ఎదుట, మరిది ఎదుట ఆమె నోరు విప్పగలదా? సగం చెప్పిన వ్యాధికి సగం వైద్యమే అందుతుంది. రోగి రహస్యం వైద్యుని వద్ద అమానత్ అయినట్లే, ఇంటివారి వద్దా అమానతే. ఆమెకు ఫోను ఇచ్చి, తలుపు దగ్గరగా వేసి, పిల్లలను అవతలికి తీసుకెళ్లండి. మహిళా వైద్యురాలు కావాలంటే ముందే అడగండి. ఆమె తోడు కోరితే, ఎవరు ఉండాలో ఆమెనే చెప్పనివ్వండి.

వైద్యుణ్ణి ఇంటి లోపలికి తెచ్చే పని యంత్రం చేసింది. రోగి నిర్భయంగా మాట్లాడే చోటు కల్పించవలసినది మనమే.