పరవంశపు టార్టన్ ధరింపవచ్చునా?

ఎడింబరో నగరమున కిల్టు కుట్టించుకొనుటకై ఏదేని దుకాణమునకు పోయిన వానిని, నడుము కొలతకంటె ముందుగా ఇంటిపేరు అడుగుట కలదు. ఆ పేరు కాంప్‌బెల్ అయినను మాక్‌డొనాల్డ్ అయినను చిక్కు లేదు. పేరునకు తగిన గళ్ళ ఉన్నిబట్టను అంగడివాడు దించి చూపును. ఆ పేరు ఏ వంశపట్టికలోను కానరానిదైనపుడు, లేక వచ్చిన వానికి తన వంశపు బట్టకంటె వేరొక వంశపు బట్ట కంటికి ఇంపుగా తోచినపుడు మాత్రము ప్రశ్న పుట్టును: తనది కాని వంశపు టార్టన్‌ను తాను ధరింపవచ్చునా? స్కాట్లండులోనే గాక, ఆ దేశపు సంతతి వారు స్థిరపడిన కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలండులలో సైతము ఈ ప్రశ్న పెండ్లికొమారులను, వారి తల్లిదండ్రులను నేటికిని తర్జనభర్జనలకు లోను చేయుచున్నది.

టార్టన్ గళ్ళబట్టయే, కాని గళ్ళబట్టలన్నియు టార్టనులు కావు. పడుగులో ఏ రంగు పోగులను ఏ వరుసలో, ఎన్నేసి చొప్పున పరచుదురో, పేకలోను ఆ రంగులనే ఆ వరుసలోనే ఆ లెక్క తప్పక నేయుదురు. ఈ వరుసకే సెట్ అని పేరు. ఎఱ్ఱ పడుగుమీద ఎఱ్ఱ పేక పోయినచోట నిండు ఎఱుపును, ఎఱుపుమీద ఆకుపచ్చ పోయినచోట రెండును కలసిన వేరొక వన్నెయు తేలును. ఈ విధముగా మూడు రంగుల దారములతో ఆరు వన్నెలు, ఆరు రంగులతో 21 వన్నెలు ఏర్పడును. పేక రెండు పోగులపైగా, రెండు పోగుల క్రిందుగా సాగుచు, వరుసవరుసకు ఒక్కొక్క పోగు ప్రక్కకు జరుగుటచేత, బట్టను కంటికి దగ్గరగా పట్టి చూచిన వారికి మిశ్రమవర్ణపు గడులలో సన్నని ఏటవాలు గీతలు గోచరించును. ఒక కిల్టునకు ఎనిమిది గజముల మేరకు బట్ట పట్టును. నేర్పరియైన కుట్టుపనివాడు ప్రతి మడత అంచునను తగిన గడి పడునట్లు కూర్చి, పఱచిన బట్టలో ఏ వరుస కలదో కుచ్చెళ్ళమీదను ఆ వరుసయే తెగకుండ కనబడునట్లు చేయును. ఇంత శ్రద్ధతో నిర్మింపబడు వస్త్రమునకు అర్థమేదియు లేదని ఎవ్వరును అనజాలరు. ఆ అర్థము ఎప్పుడు, ఎవరివలన దానికి అంటుకొన్నదో తెలిసికొననిదే పై ప్రశ్నకు సమాధానము దొరకదు.

క్లాన్ అనబడు స్కాటిష్ వంశము మన గోత్రము వంటిదని తలచినచో సగమే తెలిసికొన్నట్లగును. గోత్రము పుట్టుకతో వచ్చును. క్లానులోనో, నాయకుని రక్తసంబంధులతో పాటు, ఆయన భూమిలో నివసించుచు ఆయన రక్షణను కోరి ఆయన పేరు పెట్టుకొన్న కుటుంబములు సైతము చేరియుండెను. కావున పేరు ఒక్కటైనంత మాత్రమున రక్తము ఒక్కటి యగుననుటకు వీలులేదు. వంశపు గడప మొదటినుండియు ఇట్లు తెఱచియే యున్నదను సంగతిని, పరవంశపు బట్టను గూర్చి కఠినముగా వాదించువారు తఱచు మఱచుచుందురు.

ఇక బట్ట సంగతి. మార్టిన్ మార్టిన్ అను ద్వీపవాసి పశ్చిమద్వీపములను వర్ణించుచు 1703లో ప్రకటించిన గ్రంథములో, మనిషి కప్పుకొన్న ప్లెయిడును చూచి అతడు ఏ తావువాడో చెప్పవచ్చునని వ్రాసెను; ఏ వంశమువాడో చెప్పవచ్చునని వ్రాయలేదు. ఏ ద్వీపమునకు ఆ ద్వీపమున అభిరుచి, నేతగాని అలవాటు వేఱుగా నుండుటయే దీనికి కారణము. 1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ మైదానమున సింహాసనమును కోరిన స్టూవర్టు రాకుమారుని పక్షమున పోరి ఓడిన ఉన్నతభూముల వీరులు తమ పక్షమువానిని గుర్తించినది టోపీకి గ్రుచ్చిన తెల్లని రిబ్బను పువ్వునుబట్టియే. ఆ యుద్ధమును డేవిడ్ మోరియర్ చిత్రించిన ప్రసిద్ధమైన పటములో ఒక్కొక్క యోధుని మీదనే కోటు ఒక గడి, కిల్టు వేఱొక గడిగా కనబడుచున్నవి.

ఓటమి పిదప వచ్చిన శాసనము 1747 ఆగస్టు 1 నుండి అమలులోనికి వచ్చి, సైనికులు తప్ప స్కాట్లండులోని పురుషులును బాలురును కిల్టును, ప్లెయిడును ధరించుటను, టార్టన్‌తో పైకోటు కుట్టించుకొనుటను నేరముగా నిర్ణయించెను. మొదటి తప్పునకు ఆరునెలల కారాగారము. రెండవ తప్పునకు ఏడేండ్ల ద్వీపాంతరవాసము. కైఫీయతుల మూలమున తెలుగువారికి చిరపరిచితుడైన కర్నల్ కాలిన్ మెకంజీ 1754లో ల్యూయిస్ ద్వీపమునందలి స్టోర్నోవేలో జన్మించి, ఈ నిషేధపు నీడలోనే పెరిగి పెద్దవాడయ్యెను. 1782లో ఆ శాసనము రద్దయిన మరుసటి ఏడే మద్రాసునకు పయనమై వచ్చెను. నేడు మెకంజీ టార్టన్ అని పిలువబడు నేత, నలుపు నీలము ఆకుపచ్చలు గల ప్రభుత్వ సైనికనేతపై తెల్లని, ఎఱ్ఱని గీతలు చేర్చినట్టిది. మెకంజీల నాయకకుటుంబము కూర్చిన సైనికదళముల కొరకు అది ఏర్పడెను. మన కైఫీయతులను సేకరింపజేసిన ఆ మహనీయుని బాల్యమున ఆ గుర్తు ఇంకను పుట్టియుండలేదు. గార్డన్ వంశపు నేతయును ఇట్టిదే: అదే సైనికనేత, దానిపై పసుపుపచ్చని గీత.

వంశమునకొక టార్టన్ అను భావము స్థిరపడుటకు బానక్‌బర్న్ గ్రామమునందలి విల్సన్ నేతశాల ముఖ్యకారణము. సైన్యమునకు బట్టలు నేసి యిచ్చిన ఆ సంస్థ తన నేతలకు మొదట సంఖ్యలను, ఊళ్ళ పేర్లను పెట్టి, గిరాకినిబట్టి క్రమముగా వంశనామములు తగిలించెను. 1819 నాటి దాని నమూనా పుస్తకములో ఆ పోగుల లెక్కలు నేటికిని నిలిచియున్నవి. మాక్‌ఫర్సన్ వంశపు పేరు పొందిన ఒక నేత, అంతకుముందు పశ్చిమ ఇండీసులోని బానిసలకు కట్టబెట్టుటకై కిడ్ అను నతడు మొత్తముగా కొన్న బట్ట యని చరిత్రకారుడు హ్యూ ట్రెవర్-రోపర్ చూపెను. లండనులోని హైలాండ్ సొసైటీ 1815లో వంశనాయకులను మీ మీ టార్టనులను పంపుడని కోరగా, తమ టార్టన్ ఏదియో పలువురు నాయకులకే తెలియదయ్యెను.

పిమ్మట 1822 ఆగస్టులో నాలుగవ జార్జి రాజు ఎడింబరోకు వేంచేసెను. ఒకటిన్నర శతాబ్దమునకు మించి ఏలికయెవ్వడును అడుగిడని ఆ దేశమునకు వచ్చిన రాజును సర్ వాల్టర్ స్కాట్ టార్టన్ వేషములతో స్వాగతింపజేయగా, రాజు తానును రాయల్ స్టూవర్ట్ కిల్టును దాల్చెను. కల్లోడెన్‌లో స్టూవర్టుల పక్షమును నిర్దాక్షిణ్యముగా అణచిన కంబర్లండ్ ప్రభువు ఈ రాజునకు చిన్నతాత. చరిత్రలో పరవంశపు టార్టన్‌ను ధరించినవారిలో ఇంతకంటె ప్రసిద్ధుడు లేడు. 1842లో, తాము స్టూవర్టు రాకుమారుని మనుమలమని చెప్పుకొన్న సోదరులిద్దరు, ప్రాచీన తాళపత్రతుల్యమైన వ్రాతప్రతి యొకటి తమకు దొరకెనని ప్రకటించి వంశటార్టనుల గ్రంథమును వెలువరించిరి. ఆ ప్రాచీనప్రతిని పండితులెవ్వరును చూచి యెఱుగరు, అయినను అందలి నేతలు పెక్కు నేటి వంశములకు అంగీకృతములై చెలామణి యగుచున్నవి.

దీనినిబట్టి వంశటార్టనులన్నియు వట్టి కల్పనలని కొట్టివేయువారితో నేను ఏకీభవింపలేను. నూటికి నూరు పాళ్ళు నేతశాలలో పుట్టిన గుర్తే యైనను, రెండువందల యేండ్లుగా తండ్రులు కొడుకులకు అందించినది, యుద్ధరంగములలో రక్తసిక్తమైనది, భూస్వాములచే ఇల్లు వాకిలి నుండి వెడలగొట్టబడి నోవా స్కోషియా తీరమున దిగిన కుటుంబముల మనుమలు తమ మూలములకు ఆనవాలుగా గుండెకు హత్తుకొన్నది నిజమైనదే. ఆచారము వయస్సుకంటె దానియందలి ఆదరమే దానికి ప్రాణము. అందుచేత ఈ బట్టను కట్టుటకు అడ్డు లేదని చెప్పుటయే చాలదు; ఎట్లు కట్టవలెనో కూడ చెప్పవలసియున్నది.

చట్టము ఎవ్వరిని అడ్డగింపదు. 2008 నాటి శాసనముచే ఏర్పడి 2009 నుండి నడచుచున్న స్కాటిష్ టార్టనుల పట్టికలో వేలకొలది నేతలు నమోదైయున్నవి గాని, నమోదైనంత మాత్రమున పరులు ధరించుట నేరము కాదు. ఆచారముచే కొన్ని మినహాయింపులు కలవు. 1853లో ఆల్బర్ట్ రాకుమారుడు కల్పించిన బూడిదవన్నె బాల్మోరల్ నేత రాజకుటుంబమునకును, రాజుగారి పైపు వాద్యకునకును మాత్రమే చెందినది. కొన్ని వంశములలో నాయకుని స్వంత కుటుంబము కొరకే ప్రత్యేకమైన నేత కలదు. వీనిని ముట్టరాదు. బట్టకంటె జాగ్రత్త పడవలసినది వంశచిహ్నముల విషయమున. నాయకుని శిరోలాంఛనము ఆయన సొత్తు. లాంఛనముల వ్యవహారములను చూచు లార్డ్ లయన్ న్యాయస్థానము దానిని రక్షించును. పటకాబెల్టు చుట్టిన ఆ లాంఛనము వంశీయులు నాయకునియెడ విధేయతతో ధరించునట్టిది. టోపీలో మూడు గ్రద్ద ఈకలు నాయకునకు, రెండు ఉపనాయకునకు, ఒకటి స్వంత లాంఛనము కలవానికి చెల్లును. పరవంశపు కిల్టు కట్టినవాడు ఈకను గ్రుచ్చుకొన్నచో, లేని పదవిని ఉన్నదని చాటుకొన్నవాడగును. అది నిజముగా తప్పు.

తల్లి పుట్టింటి నేతను, భార్య వంశపు నేతను ప్రీతితో కట్టువారు అనేకులు. ఇందు ఆక్షేపణీయమేదియు లేదు. 1896లో ఫ్రాంక్ ఆడమ్ ప్రకటించిన పుస్తకము వంటి పట్టికలు చిన్న చిన్న ఇంటిపేర్లను పెద్ద వంశములకు జతపరచినవి. వానిని సూచనగా గ్రహింపవచ్చును గాని ప్రమాణముగా కొనరాదు. ఏ సంబంధమును లేనివారికి బ్లాక్ వాచ్, కలెడోనియా, హంటింగ్ స్టూవర్ట్ మున్నగు సర్వజనసామాన్యమైన నేతలును, ఊళ్ళ పేర, సీమల పేర గల నేతలును సిద్ధముగా నున్నవి. సిక్కులకు 1999లో సింగ్ టార్టన్ ఒకటి ఏర్పడెను. తాము ఉన్న నేలను, తమ పేరును ఒక్క బట్టలో నేసికొన్న ఆ మార్గము నాకు మిక్కిలి నచ్చినది.

గ్లాస్గోలోనో ఎడింబరోలోనో చదువుకొనుచు, మిత్రుని పెండ్లికి కిల్టు కట్టబూనిన తెలుగు యువకుడు ఎవడైన ఈ వ్యాసమును చదివినచో, అతనికి నా మనవి యిది: నిర్భయముగా కట్టుము; అయితే కట్టకముందు ఆ నేత పేరేమో, అది ఏ వంశముదో, ఆ వంశము ఏ సీమదో తెలిసికొనుము. పెండ్లిలో ఎవ్వరైన అడిగినపుడు, ఇది నా వంశముది కాదు, ఫలానావారిది, నాకు నచ్చి కట్టితినని సూటిగా చెప్పుము.