సూదికి చూపుండాలి

మాది ఆమడగూరు. మా పక్క గొర్రెల్నీ మేకల్నీ కలిపి జీవాలంటాం. జీవాలు కాసే మా చిన్నాయనకు పోయినేడు కుడి డొక్కలో బరువుగా ఉందంటే స్కానింగ్ తీయించాం. కాలేయంలో హైడాటిడ్ తిత్తి ఉందన్నారు. "సూదేసి నీళ్లు లాగేస్తే పోదా సార్?" అని అడిగాడు చిన్నాయన. డాక్టరు స్క్రీన్ మావైపు తిప్పి, "కొందరికి పోతుంది. మీకు కుదరదు" అన్నారు. ఎందుకు కుదరదో వెతుక్కుంటూ పోతే, చివరికి మన ఫిజిక్స్ పాఠం దగ్గరే తేలాను.

ఈ తిత్తికి కారణం ఎకినోకాకస్ అనే చిన్న బద్దెపురుగు. ఇది కుక్క పేగుల్లో బతుకుతుంది. దాని గుడ్లు కుక్క మలంతో బయటపడి మేతతో గొర్రెకూ, చేతులు, నీళ్లు, కూరగాయల ద్వారా మనకూ చేరతాయి. కాలేయంలో ఏళ్ల తరబడి నీటి తిత్తిగా పెరుగుతాయి. ఆ నీరు కడుపులోకి కారితే ప్రాణం తీసేంత అలర్జీ రావచ్చు. నీటిలోని పిల్లపురుగులు కొత్త తిత్తులు కట్టొచ్చు. అందుకే ఒకప్పుడు దీన్ని సూదితో ముట్టుకోకూడదనేవారు.

1980లలో అల్ట్రాసౌండ్ ఈ నియమాన్ని మార్చింది. కొత్త పద్ధతి పేరు పెయిర్. గుచ్చడం, లాగడం, మందు ఎక్కించడం, మళ్లీ లాగడం అనే నాలుగు పనుల ఇంగ్లిష్ పేర్లలోని మొదటి అక్షరాలివి. సూదిని కొంత మంచి కాలేయం గుండా పోనిచ్చి తిత్తిలోకి దించుతారు, నీరు బయటికి కారకుండా. లాగిన నీటిలో పైత్యరసం ఉంటే అక్కడితో ఆపేస్తారు, మందు పిత్తనాళాల్ని పాడుచేస్తుంది కాబట్టి. లేకుంటే 20 శాతం ఉప్పునీరు లాంటిది ఎక్కించి, 10-15 నిమిషాలాగి లాగేస్తారు. ముందూ తర్వాతా ఆల్బెండజోల్ మాత్రలుంటాయి.

అసలు చిక్కు సూది కొన కనిపించడంలో ఉంది. కండరాల్లో, కాలేయంలో శబ్దవేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు. 3.5 మెగాహెర్ట్జ్ ప్రోబ్‌తో చూస్తే తరంగదైర్ఘ్యం 0.44 మి.మీ. వస్తుంది. 22 గేజ్ సూది మందం 0.7 మి.మీ. మరి కనిపించాలి కదా? కానీ నున్నటి ఉక్కు అద్దం లాంటిది. సూది ఏటవాలుగా దిగితే ప్రతిధ్వని ప్రోబ్‌కు తిరిగి రాకుండా పక్కకు పోతుంది. స్క్రీన్ మీద సూది మాయం!

దీనికి రెండు మందులు. ఒకటి, ప్రోబ్‌లోని స్ఫటికాలను కొద్ది తేడాతో ఒకదాని తర్వాత ఒకటి మోగించి తరంగాన్నే వంచడం. రెండోది, సూది కొన దగ్గర చిన్న చిన్న గుంటలు చెక్కడం. రాత్రిపూట రోడ్డు పక్క రిఫ్లెక్టర్లలా అవి ఏ వైపు నుంచి వచ్చిన ధ్వనినైనా కొంత వెనక్కి పంపుతాయి.

ఇంతకీ చిన్నాయనకు ఎందుకు కుదరలేదు? ఆయన తిత్తి లోపల పిల్ల తిత్తులు తేనెపట్టులా గదులు గదులుగా ఉన్నాయి. ఒక గదిలో గుచ్చితే మిగతావి అలాగే ఉండిపోతాయి. ఆపరేషన్ చేసి తీశారు. సూదికి దారి చూపడమే కాదు, ఎక్కడ దించకూడదో చెప్పడం కూడా ఆ బొమ్మ పనే.

ఇప్పుడు చిన్నాయన కుక్కకు పురుగుల మాత్ర తప్పకుండా వేయిస్తాడు. జీవాన్ని కోసినప్పుడు తిత్తులున్న కాలేయం కనిపిస్తే, మునుపటిలా కుక్కకు విసరడు. లోతుగా గుంత తీసి పూడుస్తాడు.