ఎలుకకు అన్నం పెట్టేదెవరు?

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత అంత నీటిని మా ప్రాంతంవాళ్లు చూడలేదు. మా పినపాక మండలంలో ఏటి ఒడ్డు చేలు మునిగాయి. జనం మూటాముల్లె సర్దుకొని మెరక ప్రాంతాలకు తరలిపోయారు. అదే సమయంలో మరొక జనాభా కూడా మెరకకు బయలుదేరింది. పొలం గట్ల బొరియల్లో ఉండే ఎలుకలూ, పందికొక్కులూ! గట్లు మునిగితే అవి మాత్రం ఎక్కడికి పోతాయి? రోడ్డు వెంబడి కొత్తగా లేచిన మా ఇళ్లలోకే వచ్చాయి.

వరద తీసింది గానీ అవి తిరిగి పోలేదు. రాత్రి దీపం ఆర్పితే చాలు, అటకమీద పరుగులు, బియ్యం సంచుల దగ్గర గీరుడు. నేనూ అందరూ చేసే పనే చేశాను. అంగడికి వెళ్లి ఎలుకల మందు తెచ్చి మూలమూలనా పెట్టాను. రెండు మూడు చచ్చాయి. అందులో ఒకటి పైకప్పు సందులో చచ్చి వారం రోజులు కంపు కొట్టింది. పక్కింటివారి పిల్లి కూడా చచ్చిపోయింది. మందు తిన్న ఎలుకను తిన్నదేమో! పోనీ, ఎలుకల బాధ తీరిందా? దసరా నాటికి మళ్లీ అదే పరుగు. సైన్సు మాస్టారి ఇంట్లోనే ఎలుకలు తగ్గలేదని మా తొమ్మిదో తరగతి పిల్లలు చాటుగా నవ్వుకున్నారు. నవ్వకేం చేస్తారు! వాళ్లకు నేను చెప్పే పాఠమే నేను మరచిపోయాను.

ఆ పాఠాన్ని ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. ఇంటి ఎలుక గర్భధారణ కాలం సుమారు 22 రోజులు. కాన్పుకు 6 నుంచి 8 పిల్లలు. ఆ పిల్లలు 3 నెలలకు ఈడుకొస్తాయి. లెక్క తేలికగా ఉండటానికి, ప్రతి జంటా 4 నెలలకొకసారి 6 పిల్లల్ని కంటుందనీ, అందులో సగం ఆడవనీ, ఒక్కటీ చావలేదనీ అనుకోండి. ఒక జంట ఏడాది తిరిగేసరికి 128 ఎలుకలవుతుంది. రెండేళ్లకు 8,192! మరి మన ఇళ్లు ఎలుకలతో నిండిపోలేదేం? ఎందుకంటే అన్ని నోళ్లకు సరిపడే తిండి లేదు, అన్నిటికీ దాక్కునే చోటు లేదు. పిల్లలు పుడతాయి, ఆకలికో పోట్లాటలోనో చస్తాయి, లేదా వేరే చోటు వెతుక్కుంటూ పోతాయి. అంటే మీ ఇంట్లో ఎన్ని ఎలుకలుండాలో నిర్ణయించేది మీ ఇంట్లో వాటికి దొరికే తిండీ, చోటూ అన్నమాట. పది ఎలుకలకు సరిపడే తిండి ఉన్నచోట ఐదింటిని చంపితే ఏమవుతుంది? ఐదు ఖాళీలు ఏర్పడతాయి. మిగిలినవాటి పిల్లలు బాగా తిని, ఎక్కువగా బతికి, ఆ ఖాళీలను పూరిస్తాయి.

ఇది ఊహ కాదు. 1940లలో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో డేవిడ్ డేవిస్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ వాడల వారీగా ఎలుకల్ని లెక్కపెట్టారు. ఎలుకల్ని చంపి ఊరుకున్న వాడల్లో అవి మళ్లీ పెరిగి పాత సంఖ్యకు చేరుకున్నాయి. చెత్త తీసివేసి, ఇళ్లు బాగుచేయించిన వాడల్లో మాత్రం తగ్గి, తగ్గినట్టే ఉన్నాయి.

ఇప్పుడు మన ఇంటికి వచ్చేవాటిని గుర్తుపట్టడం నేర్చుకుందాం. ఒంటికన్న పొడుగైన తోకతో దూలాలమీద, తీగలమీద పరుగెత్తేది ఇంటి ఎలుక. శాస్త్రీయ నామం రాటస్ రాటస్. బట్టల పెట్టెలో, పుస్తకాల బీరువాలో కాపురం పెట్టే చిన్నది చిట్టెలుక. గోడ పునాది పక్కన మట్టి కుప్పపోసి బొరియ తవ్వేది పందికొక్కు. ధాన్యం అక్కడికక్కడ తినడంతో తృప్తిపడక, బొరియలో గదులు చేసి నిలవచేసుకుంటుంది కూడా. ఇక నాలుగోది, మూతి సాగి, కిచకిచమంటూ గోడవారగా పోయే చుంచు. ఇది అసలు ఎలుక జాతే కాదు! బొద్దింకల్నీ, పురుగుల్నీ తిని బతికే వేరే జంతువు. వాసన భరించలేం గానీ, దాన్ని చంపితే లాభపడేవి బొద్దింకలే.

ఎలుకలు కృంతకాలు. వాటి ముందు పళ్లు, అంటే కుంతకాలు, బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. అరగకపోతే ఏడాదికి 10 సెం.మీ. పైనే పెరుగుతాయి. ఆ పళ్లకు ముందువైపు మాత్రమే గట్టి పింగాణి పొర ఉంటుంది. వెనుకవైపు మెత్తటి పదార్థం త్వరగా అరుగుతుంది. అందువల్ల పన్ను ఉలిలా తనకు తానే పదునెక్కుతుంది. చెక్క తలుపూ, ప్లాస్టిక్ డబ్బా, కరెంటు తీగ తొడుగూ దానికి లెక్కలోనివి కావు. ఇనుప రేకు, గాజుపెంకులు కలిపిన సిమెంటు మాత్రం దాని పళ్లకు లొంగవు.

ఎంత తింటుంది? 200 గ్రాముల ఎలుక రోజుకు సుమారు 20 గ్రాములు. పది ఎలుకలైతే ఏడాదికి 73 కిలోలు. తిన్నదానికంటె పాడుచేసేది ఎక్కువ.

అంతకంటె ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఎలుక మూత్రంలో లెప్టోస్పైరా అనే మరమేకులాంటి బాక్టీరియా ఉండవచ్చు. మా మణుగూరులాగే బొగ్గు గనులున్న జపాన్ ప్రాంతంలో గని కార్మికులకు జ్వరమూ కామెర్లూ వస్తుంటే, 1915లో ఇనాడా, ఇడో అనే వైద్యులు దానికి కారణం ఈ బాక్టీరియా అని కనిపెట్టారు. నిలవనీటిలో, బురదలో ఇది కొన్ని వారాలు బతకగలదు. కాలికి పుండో, పగులో ఉంటే అక్కడినుంచి లోపలికి పోతుంది. వరద నీటిలో ఆడుకోవద్దని మీ నాన్న కసిరేది మునిగిపోతారనే భయంతోనే కావచ్చు. ఇది రెండో కారణం. వరద తరువాత జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లెర్రబడటం ఉంటే ఆలస్యం చేయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. వేళకు వెళితే నయమయ్యే జబ్బే ఇది.

మరి మేమేం చేశాం? ముందు ఒక ఆదివారం సాయంత్రం మా వీధి పిల్లలు ఇంటింటికీ తిరిగి, కన్నాలనూ బొరియలనూ మట్టితో మూసి వచ్చారు. మొత్తం 17. తెల్లారి చూస్తే 11 తెరుచుకొని ఉన్నాయి. ఆ 11 మాత్రమే కాపురం ఉన్నవి. వరి రైతులు గట్లమీద ఎలుకల్ని అంచనా వేసే పద్ధతి ఇదే. అటకమీద పొయ్యి బూడిద పల్చగా చల్లి, ఉదయం అడుగులు కూడా చూశాం. ముందుకాలికి 4 వేళ్లు, వెనుకకాలికి 5.

తరువాత తిండి సంగతి. రాత్రి ఎంగిలి గిన్నెలు వదలడం మానేశాం. బియ్యం, ఎండబెట్టిన ఇప్పపువ్వు, మొక్కజొన్న అన్నీ గోనెసంచుల్లోంచి మూతలున్న రేకు డబ్బాల్లోకి మారాయి. పెద్ద సంచుల్ని గోడకు జానెడు ఎడంగా, బల్లమీద పెట్టాం. పెరట్లో కట్టెల మోపును నేలమీదనుంచి మూరెడు ఎత్తు లేపాం. కప్పుమీదికి వాలిన వేప కొమ్మ కొట్టించాం.

ఇంత చేశాకే బోనులు. చాలామంది బోనును గది మధ్యలో పెడతారు. ఎలుక గది మధ్యలో తిరగదు, మీసాలు గోడకు తగిలేలా వారగా నడుస్తుంది. అందుచేత బోనును గోడవారగా పెట్టాలి. పైగా దానికి కొత్త వస్తువంటే అనుమానం. రెండు మూడు రాత్రులు తలుపు పడకుండా కట్టి, కాల్చిన కొబ్బరిముక్కో ఎండుచేపో పెట్టి ఊరికే తిననివ్వాలి. నాలుగో రాత్రి కట్టు విప్పాలి. ఎలుకలు పడటం ఆగిన తరువాతే కన్నాలు పూడ్చాలి. ముందే పూడిస్తే లోపల చచ్చినవాటి కంపు మళ్లీ మనమే భరించాలి! బొటనవేలు దూరే సందుంటే ఎలుకకు చాలు, పెన్సిల్ దూరితే చిట్టెలుకకు చాలు. తలుపు కింద రేకుపట్టీ, తూముకు ఇనుపజాలీ తప్పవు. ఎలుక పెంటికలను పొడిగా ఊడ్చకూడదు. బ్లీచింగ్ నీళ్లు చల్లి, కాసేపాగి, చేతికి తొడుగు వేసుకొని గుడ్డతో తీయాలి.

మందు అసలు వద్దా అని అడగవచ్చు. కొన్నిచోట్ల అవసరమే. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులోని వరి పరిశోధన కేంద్రంవారు ఊరంతా ఒకేసారి మందు పెట్టమని రైతులకు చెబుతూ వచ్చింది, ఒక్కరు పెడితే పక్క చేలోవి వస్తాయనే. కాని మందు పెద్దల పని, పిల్లలది కానే కాదు. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువవుతుంది, దానికి విరుగుడు లేదు. ఎలుక కొంచెం రుచిచూసి కడుపులో బాధ కలిగితే మళ్లీ ఆ మేత ముట్టదు. ఎలుకకు వాంతి చేసుకునే శక్తి లేదు. ఆ లోటును ఇలా జాగ్రత్తతో పూడ్చుకుందన్నమాట. బ్రోమాడియోలోన్ వంటివి రక్తం గడ్డకట్టకుండా చేసి కొన్ని రోజుల తరువాత చంపుతాయి గనుక ఎలుకకు అనుమానం రాదు. కాని చావబోయే ఆ ఎలుకను పట్టిన పిల్లికీ, గుడ్లగూబకూ ముప్పే. ఎలుకల్ని తినే జెర్రిపోతును కనబడగానే కొట్టడమూ మనకు అలవాటు. అది విషం లేని పాము. ఎలుకల వాసన పట్టుకొని ఇంట్లోకి వచ్చే నాగుపాము సంగతి వేరు. అడవి అంచున నేలమీద పడుకునే మా పిల్లలకు ఎలుకలు తగ్గితే ఆ భయమూ తగ్గుతుంది.

రెండు నెలల తరువాత మళ్లీ కన్నాలు మూసి లెక్కపెట్టాం. ఈసారి తెరుచుకున్నవి 3. మూడూ వీధి చివరి కోళ్లగూడు కిందివే. అక్కడ రాత్రంతా నూకలు చల్లి ఉంటున్నాయి. ఆ ఇంటాయన ఎలుకల మందు కొనడానికి సంతకు బయలుదేరుతుంటే, మా తొమ్మిదో తరగతి పిల్లలే ఎదురెళ్లి ఆపి, రాత్రిపూట నూకల పళ్లెం లోపల పెట్టమని చెబుతున్నారు.