ఫ్రెండ్స్‌తో హౌస్‌బోట్ ట్రిప్పా? అడ్వాన్స్ కొట్టే ముందు ఇవి అడగండి

మొన్నటి ఎపిసోడ్ అయ్యాక చాలా మంది ఒకటే అడిగారు. "అన్నా, మా గ్యాంగ్ అంతా అలెప్పీ హౌస్‌బోట్ అనుకుంటున్నాం, ఏం చూసుకోవాలి?" అని. నేనుండేది అమీర్‌పేటలోనే కదా, ఇక్కడ ఏ హాస్టల్ రూమ్‌లో చూసినా గోవా తర్వాత వినిపించే పేరు అలెప్పీనే. సో, ఈ రోజు దాని గురించే.

ముందు హౌస్‌బోట్ అంటే ఏంటో చూద్దాం. మలయాళంలో దీన్ని కెట్టువల్లం అంటారు. వల్లం అంటే పడవ. కెట్టు అంటే మన "కట్టు" లాంటి మాటే. చెక్క పలకల్ని మేకులు లేకుండా కొబ్బరి పీచు తాళ్లతో కట్టి చేసేవాళ్లు, అందుకే ఆ పేరు. ఒకప్పుడు కుట్టనాడులో పండిన వడ్లు, బియ్యం వీటి మీదే కొచ్చి వైపు వెళ్లేవి. రోడ్లు, లారీలు వచ్చాక పడవలకి పని పోయింది. తర్వాత వాటికే గదులు కట్టి టూరిజంలోకి దింపారు. ఇవి తిరిగేది వెంబనాడ్ సరస్సులో, దాని చుట్టూ ఉన్న కాలువల్లో.

ఇప్పుడు అసలు విషయం. "ఒక రోజు ప్యాకేజీ" అంటే 24 గంటలు అనుకోకండి. మామూలుగా మధ్యాహ్నం 12కి ఎక్కించుకుని, మర్నాడు పొద్దున 9కి దింపేస్తారు. అందులోనూ రాత్రంతా బోటు కదలదు. సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో ఒడ్డుకి కట్టేస్తారు, ఎందుకంటే ఆ తర్వాత నీళ్లు జాలర్ల వలలకి. తక్కువ రేటు బోట్లలో ఏసీ చాలా వరకు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకే. కాబట్టి రేటు అడిగే ముందు ఈ మూడూ అడగండి: ఎన్ని గంటలు తిప్పుతారు, ఎక్కడ కడతారు, ఏసీ ఎప్పుడు వేస్తారు. అప్పుడే రెండు బోట్ల రేట్లు పోల్చి చూడగలుగుతారు.

నాలుగో ప్రశ్న చాలా మంది అడగరు. "బోటు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ ఫొటో వాట్సాప్‌లో పెట్టండి." ఎంత మందికి పర్మిషన్ ఉందో కాగితం మీద ఉంటుంది. మీరు ఎనిమిది మంది, పర్మిషన్ ఆరుగురికి, "అడ్జస్ట్ అయిపోండి బ్రో" అంటున్నారా? ఆ బోటు వదిలేయండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, 2019 సెప్టెంబర్ 15 గుర్తుందా? పాపికొండలు వెళ్తున్న బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. అప్పుడు గోదావరి వరద మీద ఉంది. బోటులో 70 మందికి పైనే ఉంటే, 26 మందే బయటపడ్డారు. మన హైదరాబాద్ వాళ్లు, వరంగల్ వాళ్లు కూడా చనిపోయారు. పైకొచ్చిన వాళ్లని కాపాడింది తూటుగుంట ఊరివాళ్లు, తమ నాటు పడవలతో. 2023 మే 7న కేరళలోని తానూరులో ఇంకో బోటు తిరగబడి 22 మంది పోయారు. అక్కడ పరిమితికి మించి ఎక్కించారు, పొద్దుపోయాక నడిపారు.

బోటు ఎందుకు తిరగబడుతుంది? సింపుల్. బరువు కిందుంటే నిలకడ, పైకెక్కితే ఊగిసలాట. అందరూ పై డెక్ మీదకెక్కి, ఒకే పక్కకి చేరి గ్రూప్ సెల్ఫీ తీసుకుంటే, బోటు ఆ పక్కకి ఒరుగుతుంది. ఒరిగితే మనమూ అటే జారతాం, బరువు ఇంకా పెరుగుతుంది. 2009లో తేక్కడిలో 45 మంది చనిపోయిన ప్రమాదంలో, జంతువుల్ని చూడటానికి జనం ఒక పక్కకి చేరడం కూడా ఒక కారణమన్నారు. అంత దూరం ఎందుకు, పంజాగుట్ట నుంచి బండి మీద పది, పదిహేను నిమిషాల్లో హుస్సేన్‌సాగర్. 1990 మార్చిలో బుద్ధ విగ్రహాన్ని తీసుకెళ్తుంటే బార్జ్ మీద నుంచి నీళ్లలో పడిపోయింది. ప్రాణాలూ పోయాయి. విగ్రహం మళ్లీ నిలబడింది 1992 డిసెంబర్‌లో.

ఐదో ప్రశ్న లైఫ్ జాకెట్. "ఉన్నాయండీ" అంటే సరిపోదు. తలకొకటి ఉందా, బకిల్స్ పని చేస్తున్నాయా, ఎక్కగానే చేతికిస్తారా? అసలు కష్టం ఓనర్‌తో కాదు, మన గ్యాంగ్‌తోనే. జాకెట్ వేసుకుంటే "ఏంట్రా, ఓవర్ చేస్తున్నావ్, ఫొటోలు పాడవుతాయ్" అనేవాడు ఒకడు ఉంటాడు. ఆ మాటకి సిగ్గుపడి, ఈత రానివాడు కూడా విప్పేస్తాడు. అందుకే రూల్ రూమ్‌లో ఉన్నప్పుడే పెట్టుకోండి: బోటు కదులుతున్నంత సేపు డెక్ మీద అందరికీ జాకెట్. మందు కొట్టినవాడు అంచు దగ్గరికి వెళ్లడు. ఈత వచ్చినవాడికి కూడా ఇదే రూల్. ఈత రానివాడు ఒక్కడే వేసుకోవాలంటే వేసుకోడు, అందరూ వేసుకుంటే వేసుకుంటాడు.

సీజన్ సంగతి. జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ వానలు. నవంబర్ నుంచి ఫిబ్రవరి హాయిగా ఉంటుంది, కానీ డిసెంబర్ చివర్లో రేట్లు మండిపోతాయి. బడ్జెట్ తక్కువైతే రాత్రి బోటులో పడుకోకుండా పగటి క్రూజ్ తీసుకుని, ఒడ్డున రూమ్ చూసుకోండి. నీళ్ల మీద తిరిగే టైమ్ దాదాపు అంతే వస్తుంది, ఖర్చు తగ్గుతుంది.

ఒక్కరోజే లీవ్ ఉందా? నాగార్జునసాగర్ వెళ్లి, లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియం చూసి రండి. లాంచీ నడుస్తుందో లేదో మాత్రం ముందు ఫోన్ చేసి కనుక్కోండి, నీటిమట్టం, గాలి బట్టి ఆపేస్తుంటారు. ఆపేశారంటే డ్రైవర్‌తో గొడవ పడకండి. "ఈ రోజు వద్దు" అని చెప్పే బోటువాడే మనకి కావాల్సినవాడు.

ఈ ఐదు ప్రశ్నలు స్క్రీన్‌షాట్ తీసి మీ ట్రిప్ గ్రూప్‌లో వేసేయండి. అడ్వాన్స్ ఫోన్‌పే చేసేది ఎవరో, అడగాల్సింది వాళ్లే. మళ్లీ కలుద్దాం, బై.