పశువు పొట్టలో మేకు – ఫెర్రైట్ అయస్కాంతము



నిన్నటివరకు బాగుగా మేసిన మీ ఆవు ఒక్కసారిగా మేత మానినదా? పాలు తగ్గినవా? వీపు గూనుగా వంచి, ముందుకాళ్లు ఎడముగా పెట్టి, పడుకొనుటకు మూల్గుచున్నదా? అజీర్ణమని తలచి కాలము గడపవద్దు. మేతతోపాటు మేకునో, తీగముక్కనో మ్రింగియుండవచ్చును. వెంటనే పశువైద్యునికి చూపవలెను.

ఆవులు, గేదెలు మేతను సరిగా నమలకయే మ్రింగి, తరువాత నెమరువేయును. కావున మేతలోని ఇనుము వాటికి తెలియదు. అది తేనెపట్టువంటి గదులుగల రెండవ పొట్టలో చేరును. ఆ పొట్ట ముడుచుకొన్నపుడెల్ల మొనగల తీగ గోడను పొడుచును. దానికి ముందు గుండె కలదు. నడుమ పలుచని కండపొర మాత్రమే అడ్డము. తీగ గుండెను చేరినచో చీము పట్టి గంగడోలు వాచును. అట్టి పశువు బ్రతుకుట అరుదు.

దీనికి ముందుజాగ్రత్త, వ్రేలెడు పొడవుగల నున్నని అయస్కాంతమును పశువుచే మ్రింగించుట. అది రెండవ పొట్టలో నిలిచి, ఇనుప ముక్కలను తనకు అంటించుకొని, గోడను గ్రుచ్చకుండ పట్టియుంచును. ఇట్టివి కొన్ని మిశ్రలోహముతోను, కొన్ని ఫెర్రైట్‌తోను చేయుదురు.

ఫెర్రైట్ అనగా ఇనుప ఆక్సైడుకు బేరియం గాని, స్ట్రాన్షియం గాని చేర్చి కాల్చిన నల్లని పదార్థము. బేరియం ఫెర్రైట్ అయస్కాంతమును 1952లో హాలండులోని ఫిలిప్స్ పరిశోధకులు ప్రకటించిరి. రేడియో స్పీకరు వెనుకనుండు నల్లని చక్రము సాధారణముగా ఇదియే.

దీని బలమంతయు రేణువులలో నున్నది. పెద్ద ఇనుప ముక్కలో అయస్కాంత భాగములు తలయొక దిక్కునకు లాగి, ఒకదాని బలము నొకటి చెరచుకొనును. ఫెర్రైట్‌ను మిల్లీమీటరులో వెయ్యవ వంతు పరిమాణమునకు నూరినచో, ఒక్కొక్క రేణువు ఒకే దిక్కు గల చిన్న అయస్కాంతమగును. ఆ పొడిని అయస్కాంత క్షేత్రములో అదిమి, కొలిమిలో కాల్చుదురు. రేణువులన్నియు కాడికి కట్టిన ఎడ్లవలె ఒకే వైపు లాగును. దిక్కు సులభముగా మార్చుకొనవు. అందుచే దాని బలము ఏండ్ల తరబడి నిలుచును. అది ముందే ఆక్సైడు గనుక పొట్టలోని తడికి తుప్పు పట్టదు.

గమనింపవలసినవి:

1. అయస్కాంతమును పశువైద్యునిచేతనే వేయించవలెను. పశువుకు ఒకటి చాలును. ముందే యున్నదేమో తెలియుటకు ఎడమ మోచేతి వెనుక దిక్సూచి నుంచిన, ముల్లు కదలును.

2. స్పీకరు అయస్కాంతపు ముక్కలను ఎన్నడును మ్రింగించవద్దు. ఫెర్రైట్ పెళుసు, పగిలిన అంచులే పొట్టను కోయును.

3. రాగి, అల్యూమినియం తీగలు దీనికంటవు. లోతుగా దిగిన మేకును ఇది వెనుకకు లాగలేకపోవచ్చును. అప్పుడు శస్త్రచికిత్స అవసరము కావచ్చును.

4. కంచె వేసినపుడు, ఇల్లు కట్టినపుడు రాలిన తీగలను, మేకులను ఏరివేయవలెను. చొప్ప నరికిన తరువాత ముక్కలలో అయస్కాంతమును ఒకసారి త్రిప్పి చూచినచో, దొరికిన ప్రతి మేకును పొట్టకు చేరకముందే ఆపినవారగుదురు.